అంకె పలకని తూకం

పంతొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం ఆగస్టు నెల పన్నెండవ తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిదింటికి పది నిమిషాలుండగా మేడమ్ గారు మా పిల్లల ఆసుపత్రి కౌమార విభాగంలో పోషకాహార నిపుణురాలిగా చేరారు. చేరిక పత్రం మీద సంతకానికి ఆరో నంబరు గదిలో వారికి చూపించిన కుర్చీకి రెండు పక్కలా చేతులున్నాయి. మేడమ్ గారు కుర్చీని చూశారు, తమను తాము చూసుకున్నారు, నిలబడే సంతకం చేశారు. ఆ తరువాత వడ్రంగిని పిలిపించి కుర్చీ చేతులు కోయమన్నారు. ఎంత మేర కోయాలని ఆయన అడిగితే, "రెండూ తీసెయ్యండి, అదీ ఊపిరి పీల్చుకుంటుంది, నేనూ పీల్చుకుంటాను" అన్నారు. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో వారు జారీచేసిన మొదటి ఆదేశం అదే.

ఏం తినాలో పిల్లలకు చెప్పవలసిన మనిషి అంత భారీగా ఉండటం ఆ రోజుల్లో మా నడవాలో పెద్ద విశేషమైంది. వంటవాడు బక్కగా ఉన్నా, డైట్ మేడమ్ లావుగా ఉన్నా నమ్మకూడదని మందుల గది కంపౌండరు గారు నలుగురిలో ఒక మాట విసిరారు. ఆ మాట చెవిన పడితే మేడమ్ గారు చిన్నబుచ్చుకోలేదు. నమ్మవద్దని, నెల రోజులు పని చూసి అప్పుడు ఆలోచించుకోమని ఆయనతోనే చెప్పారు. నెల తిరగకముందే కంపౌండరు గారు తమ పెద్దవాడిని వెంటబెట్టుకుని ఆరో గది ముందు వరుసలో కూర్చున్నారు.

ఆ నిబ్బరం ఒక్క రోజులో వచ్చింది కాదు. మేడమ్ గారు ఒక దర్జీ గారి పెద్ద కూతురు. కూతురి బడి గౌను కుట్టినప్పుడల్లా ఆయన పక్క కుట్లలో నాలుగు వేళ్ళ గుడ్డ అదనంగా మడిచిపెట్టేవారు. పిల్ల పెరుగుతుంది కదా అనేవారే తప్ప మరో కారణం ఏనాడూ చెప్పలేదు. బడిలో మాత్రం తోటిపిల్లలు ఆమెకు పీపా అని పేరు పెట్టారు. ఏడేళ్ళపాటు హాజరు పిలిచే ఉపాధ్యాయులు తప్ప ఆ బడిలో ఆమెను అసలు పేరుతో పిలిచినవారు లేరు. ఇదంతా మేడమ్ గారు ఎవరికీ దాచుకోకుండా, నవ్వుతూ చెప్పేవారు. చెప్పడం పూర్తయ్యాక మాత్రం కాసేపు కిటికీ వైపు చూసేవారు.

అటువంటి మనిషి చేతిమీదుగానే ఆ పొరపాటు జరిగింది. అభినందన వ్యాసంలో పొరపాటు ప్రస్తావన ఉండకూడదని కొందరు పెద్దలు అన్నా, అది లేకుండా మేడమ్ గారి ఉద్యోగ చరిత్ర రాయడం పునాది లేకుండా గోడ కట్టడమే అవుతుంది. రాయమని అనుమతించింది కూడా వారే.

ఆ రోజుల్లో తూకం పద్ధతి ఇలా ఉండేది. పిల్లలు నడవాలో బల్ల మీద వరుసగా కూర్చునేవారు. ఒక్కొక్కరే లేచి ముల్లు తూకం ఎక్కేవారు. మేడమ్ గారు ముల్లు చూసి అంకె పైకి పలికేవారు. పక్కన పుస్తకం పట్టుకున్న చీటీలమ్మ రాసుకుని, అదే అంకెను తిరిగి పైకి చదివేది. చీటీలమ్మ ఆయాగా చేరి, బడి గడప తొక్కకుండానే మందు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి. రాసిన ప్రతిదీ రెండోసారి చదువుకుంటే గానీ ఆమెకు గుండె కుదుటపడేది కాదు. ఒకరు పలకడం, ఒకరు తిరిగి చదవడం వల్ల రెండున్నరేళ్ళలో పుస్తకంలో ఒక్క తప్పూ దొర్లలేదు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ పద్ధతిని మెచ్చుకుని, మిగతా విభాగాలనూ అనుసరించమని రాసి వెళ్ళారు.

తొంభై నాలుగవ సంవత్సరం జనవరిలో ఒక బడి నుంచి ముప్పైమంది పిల్లలు ఆరోగ్య పరీక్షకు వచ్చారు. వారిలో తాళాలు బాగుచేసే ఆయన కూతురు, పద్నాలుగేళ్ళ అమ్మాయి, తూకం ఎక్కింది. మేడమ్ గారు అంకె పలికారు. చీటీలమ్మ తిరిగి చదివింది. బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరుస చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. ఆ అంకెను ఇక్కడ రాయడం లేదు, ఎందుకో ముందుముందు తెలుస్తుంది. సాయంత్రానికల్లా బడిలో ఆ అమ్మాయికి ఆ అంకే పేరైంది. తిరిగి చదివిన గొంతు ఈ పంక్తులు రాస్తున్నవారిదే కనుక ఇందులో అతిశయోక్తి లేదు.

ఎనిమిది నెలల తరువాత తాళాల ఆయన కూతురిని రెండు చేతులా పట్టుకుని ఆరో గదికి నడిపించుకొచ్చారు. గుమ్మంలో నిలబడినది ఎవరో మేడమ్ గారు మొదట పోల్చుకోలేకపోయారు. ఆ ఎనిమిది నెలలూ ఇంట్లో వాళ్ళు సంతోషించారట. ఒళ్ళు తగ్గి ముచ్చటగా ఉందని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారట. ఏం తింటున్నావో నాకూ చెప్పవే అని మేనత్త బతిమాలిందట. ఏమీ తినడం లేదని పిల్ల నిజమే చెబితే, గడుసుదనం చూడమని అందరూ నవ్వారట. రోజుల తరబడి కడుపు మాడ్చుకోవడం, ఆగలేక దొంగచాటుగా చేతికందినదల్లా తినడం, తిన్నందుకు తనను తాను శిక్షించుకోవడం, ఆ మూడింటి మధ్యా ఆ పిల్ల గిరగిరా తిరుగుతోందని ఎవరికీ తోచలేదు. బడిలో కళ్ళు తిరిగి పడిపోయాకే తోచింది.

"ఎంత మొండి తాళమైనా తీస్తానమ్మా" అన్నారు తాళాల ఆయన. "దీని నోరు ఒక్కటే నాకు తెరుచుకోవడం లేదు."

మేడమ్ గారు ఆయనను బయట కూర్చోమని, అమ్మాయి పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఎప్పటి నుంచి తినడం మానేశావని అడిగారు.

"మీరు చెప్పినప్పటి నుంచి."

"నేనేం చెప్పానమ్మా?"

"అంకె."

మేడమ్ గారు పాత పుస్తకం తెప్పించి, జనవరి నెల తిరగేసి, ఆ వరుస మీద వేలు పెట్టి చూసుకున్నారు. పక్కన తప్పు లేదన్న గుర్తుగా గీసిన టిక్కు ఉంది. పద్ధతి అంతేనని, తనిఖీవారే మెచ్చుకున్నారని చెప్పుకోవడానికి వారికి కావలసినంత అవకాశం ఉంది. అది చేయలేదు. పీపా అన్న పిలుపుకు ఏడేళ్ళు పలికిన తానే మరో పిల్లకు పేరు పెట్టి పంపానని మాత్రం అన్నారు. అదీ ఎవరితోనో కాదు, ఆ టిక్కుతో అన్నట్టు అన్నారు.

అమ్మాయి గుండె కొట్టుకోవడం ప్రమాదకరంగా మందగించిందని పెద్ద డాక్టరు గారు ఆ రోజే వార్డులో చేర్చుకున్నారు. పిల్ల దక్కుతుందా లేదా అన్నది నాలుగు వారాలపాటు ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

మర్నాడు ఉదయం పిల్లలు రాకముందే మేడమ్ గారు ముల్లు తూకాన్ని స్వయంగా జరిపి గోడ వైపు తిప్పారు. ఆనాటి నుంచి తూకం ఎక్కే ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ ఒకే మాట: "వెనక్కి తిరిగి నిలబడమ్మా." ముల్లు వీపు వెనక. అంకె మేడమ్ గారి కంటికి, చీటీలమ్మ కంటికి మాత్రమే. నోటితో పలకడం లేదు, చీటీ మీద రాసి మడిచి డాక్టరు గారికి పంపడమే. పైకి పలక్కపోతే తప్పులు రావా అని పెద్ద డాక్టరు గారు అభ్యంతరపెట్టారు. వస్తాయని, ఆ తప్పులు దిద్దుకోవచ్చని మేడమ్ గారు బదులిచ్చారు. అన్నట్టే మొదటి వారంలో రెండు తప్పులు వచ్చాయి, రెండూ దిద్దారు. పిల్లలు వారికి వెనక్కి మేడమ్ అని పేరు పెట్టారు. తమకు జీవితంలో వచ్చిన పేర్లన్నిటిలో అదే నచ్చిందని వారు అనేవారు.

వార్డులో ఆ అమ్మాయి పళ్ళెం ముట్టేది కాదు. మేడమ్ గారు రోజూ మధ్యాహ్నం తమ భోజనం డబ్బా అక్కడికే తెచ్చుకుని, మంచం పక్కన కూర్చుని తినసాగారు. తినమని అనలేదు, ఎంత తిన్నావని అడగలేదు. దారిలో చూసిన కుక్క సంగతో, అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగంలో ఉన్న భర్తగారు ఇంటికొచ్చిన ఉత్తరాల్లోనూ తప్పులు దిద్దే సంగతో చెబుతూ, ఆస్వాదించి తినేవారు. తొమ్మిదో రోజున అమ్మాయి నోరు విప్పింది, అదీ దెప్పడానికి.

"ఇంత లావుగా ఉండి అందరి ముందూ తింటారు కదా, మీకు సిగ్గెయ్యదా?"

"నీ వయసులో తెగ వేసేది" అన్నారు మేడమ్ గారు. "ఇప్పుడు తీరిక దొరకడం లేదు."

అమ్మాయి నవ్వలేదు గానీ, మొహం తిప్పుకోనూ లేదు.

తరువాతి వారం తల్లి వచ్చింది. మూసిన నోరు చూసి చూసి విసిగి, ఒళ్ళు దగ్గర పెట్టుకోవే అని కూతురిని గదమాయించింది. నాకా ఒళ్ళు అక్కర్లేదు, ఎవరైనా తీసుకుపోతే బాగుండునని కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. మేడమ్ గారు డబ్బా మూతపెట్టి, మంచం అటువైపుకు, అమ్మాయి మొహానికి ఎదురుగా వెళ్ళి కూర్చున్నారు.

"మీ అమ్మ తిట్టాననుకుంది గానీ మంచి మాటే అంది. ఒళ్ళు దగ్గర పెట్టుకో తల్లీ. ఎనిమిది నెలలుగా దాన్ని దూరంగా తోసేస్తూనే ఉన్నావు. అది మాత్రం నిన్ను వదిలి ఎక్కడికి పోతుంది? నువ్వు మెట్లెక్కితే ఎక్కింది, పడిపోతే నీతోపాటే పడింది. ఇంత నమ్మకమైంది ఇంకొకటి నీకు లేదు. దానికి పొద్దున్నించీ ఆకలేస్తోంది, పాపం."

అందరూ బెదిరించడానికి వాడే మాట అది. వినేవాళ్ళు ఎప్పుడూ ఆ అర్థంలోనే విన్నారు. ఆ అమ్మాయి కాసేపు తన మణికట్టును, ఎవరిదో చూసినట్టు, చూసుకుంది. తరువాత లేచి కూర్చుని ఉడికిన గుడ్డులో సగం తింది. తింటూ ఏడ్చింది, కానీ తింది. మిగతా సగం మేడమ్ గారిని తినమంది. వారు తిన్నారు.

అక్కడి నుంచి అంతా సాఫీగా సాగిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇంటికి వెళ్ళాక రెండుసార్లు వెనక్కి జారి మళ్ళీ వార్డుకు వచ్చింది. పదకొండు నెలలపాటు ప్రతి మంగళవారం తాళాల ఆయన సైకిలు వెనక కూర్చుని ఆరో గదికి వచ్చేది. చివరి మంగళవారం మేడమ్ గారు గుమ్మందాకా సాగనంపి, "ఇక మళ్ళీ రాకు" అన్నారు. "రాను" అంది అమ్మాయి. రాననే మాట విని సంతోషించవలసిన ఉద్యోగాలు లోకంలో కొన్నే ఉన్నాయి. పిల్ల నడవా మలుపు తిరిగేదాకా మేడమ్ గారు అక్కడే నిలబడ్డారు. ఆ తరువాత వందలమంది పిల్లలను అలాగే సాగనంపారు. ప్రతిసారీ మలుపు తిరిగేదాకా నిలబడ్డారు. అలవాటు పడిపోయారని అనలేము.

రెండువేల మూడులో సీనియర్ నిపుణురాలిగా, రెండువేల పదకొండులో విభాగం ఆహార శాఖకు అధిపతిగా మేడమ్ గారికి పదోన్నతులు లభించాయి. ఈ కాలంలోనే బడులలో పరిస్థితి మారింది. కడుపు మాడ్చుకునే పిల్లలు తగ్గకపోగా, బరువు మీరిన పిల్లలు నాలుగింతలయ్యారు. వీరిద్దరికీ వేర్వేరు మందులని చాలామంది అనుకునే రోజుల్లో, ఇద్దరినీ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చోబెట్టింది మేడమ్ గారు. తినలేనివాడూ, తినడం ఆపలేనివాడూ ఒకే గదిలో చిక్కుకున్నారని, తలుపు తట్టే తీరు ఒకటేనని వారి సిద్ధాంతం. పిల్లవాడు దిండు కింద బిస్కెట్లు దాచుకుంటున్నాడని ఒక తండ్రి ఫిర్యాదు చేస్తే, దాచుకోవలసిన అవసరం ఆ ఇంట్లో ఎందుకు వచ్చిందో ముందు కనుక్కోమన్నారు. తిడితే తగ్గుతారని వాదించిన ప్రధానోపాధ్యాయునితో, తిడితే బరువు తగ్గేటట్టయితే నా అంత సన్నటి మనిషి ఈ ప్రాంతంలోనే ఉండేది కాదన్నారు. నలభై రెండు బడులలో వారు ఇచ్చిన శిక్షణ వల్ల ఇవాళ తూకం యంత్రాలు గోడవైపు తిరిగి ఉన్నాయి. భోజనశాలల్లో పిల్లలకు తీరిగ్గా తినే సమయం దొరికింది. ఆటల గంటలో లావు పిల్లలు స్కోరు రాసే పని మాని, మైదానంలోకి దిగారు.

తాళాల ఆయన మాత్రం ఏటా ఒకసారి, ఎవరూ పిలవకుండానే వచ్చి ఆరో గది బీరువా తాళంలో నూనె వేసి వెళ్ళేవారు. అమ్మాయి బాగుందని చెప్పేవారు. అంతకుమించి మేడమ్ గారు అడిగేవారు కాదు.

ఇంత కట్టుకున్న తరువాత, ఈ ఏడాది జూన్ నెలలో మాట్లాడే తూకం వచ్చింది.

అది కొత్త యంత్రం. ఎక్కి నిలబడగానే, తీయటి ఆడగొంతుతో, నడవా చివరిదాకా వినబడేటట్టు బరువు ప్రకటిస్తుంది. కొనుగోళ్ళ అధికారి గారు ఎంతో శ్రద్ధతో ఎంపిక చేసి తెప్పించారు. చూపు ఆనని రోగులకు ఉపయోగమన్నది వారి సదుద్దేశం. పాత ముల్లు తూకాన్ని గోదాముకు పంపేశారు. గొంతు తగ్గించే బొత్తాం ఎక్కడుందని మేడమ్ గారు అడిగితే, అటువంటి సౌకర్యం లేదని, మార్చాలంటే కంపెనీకి పంపి మూడు నెలలు ఆగాలని యంత్రం తెచ్చిన మనిషి చెప్పాడు. మేడమ్ గారు స్పీకరు మీద దూది పెట్టి ప్లాస్టరు అంటించారు. యంత్రం దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు మాట్లాడింది. పిల్లలు పడీపడీ నవ్వారు, వాళ్ళతోపాటు మేడమ్ గారూ నవ్వారు. కానీ అంకె మాత్రం అందరికీ వినబడింది.

మూడు లేఖలు రాశారు. పరికరం సక్రమంగా పనిచేస్తున్నందున మార్పు అవసరం లేదని మూడింటికీ ఒకే జవాబు వచ్చింది. పదవీ విరమణకు అప్పటికి ఆరు వారాలుంది. ఆ సాయంత్రం మేడమ్ గారు చేతులు లేని కుర్చీలో కూర్చుని, నేను పోతాను, ఇది ఉంటుందని అన్నారు. ముప్పై ఏళ్ళుగా కాపాడుకుంటూ వచ్చిన మౌనం తాము వెళ్ళిన మర్నాడే పోతుందన్నదే వారి దిగులు. ఉద్యోగం పోతుందన్న దిగులు వారికి ఏ కోశానా లేదు.

తరువాతి మంగళవారం, బల్ల మీద తొమ్మిదిమంది పిల్లలున్న సమయం చూసి, పరికరం పనితీరు స్వయంగా పరిశీలించవలసిందిగా కొనుగోళ్ళ అధికారి గారిని ఆరో గదికి ఆహ్వానించారు. మరో కబురు తాళాల ఆయనకు పంపారు. అధికారి గారు ఉత్సాహంగా వచ్చి, యంత్రం విశిష్టతలు పిల్లలకు వివరించారు. ఎవరు ముందు ఎక్కుతారని వారు అడగగానే తొమ్మిది తలలూ వంగిపోయాయి.

మేడమ్ గారు చెప్పులు విప్పారు. వెనక్కి తిరగలేదు, అంకె కనబడే వైపే తిరిగి, తిన్నగా తూకం ఎక్కి నిలబడ్డారు. స్పీకరు మీది ప్లాస్టరు ఎక్కేముందే తామే స్వయంగా పీకేశారు. యంత్రం తన తీయటి గొంతుతో వారి బరువును, దశాంశంతో సహా, నడవా అంతటికీ ప్రకటించింది. మందుల గది దగ్గరున్నవాళ్ళు తలతిప్పి చూశారు. వంగిన తలలన్నీ లేచాయి. పీపా అని పిలిపించుకున్న దర్జీ గారి కూతురు, అరవయ్యో ఏట, ఆ అంకె పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడి, తొందరపడకుండా దిగారు.

"ఇప్పుడు మీరు సార్" అన్నారు.

అధికారి గారు నవ్వారు. వంగి ఒక బూటు విప్పారు. రెండో బూటు ముడి మీద చెయ్యి వేసి, ఎందుకో బల్ల వైపు చూశారు. తొమ్మిదిమంది పిల్లలూ వారినే చూస్తున్నారు. వారిలో ఎవరి కళ్ళలోనూ ఎగతాళి లేదు. మీకూ ఇలాగే అవుతుందా అన్నట్టు, జాలిగా చూస్తున్నారు. అధికారి గారు విప్పిన బూటు మళ్ళీ తొడుక్కున్నారు. ముడి వేసుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు పట్టింది.

"దీని గొంతు వైరు ఎక్కడుంటుందండీ?" అని మెల్లగా అడిగారు.

గ్యారంటీ పోతుందని ఎవరో గుర్తుచేస్తే, పోనివ్వండి అన్నారు. అప్పటికి తలంతా నెరిసిన తాళాల ఆయన కళ్ళజోడు సవరించుకుని, యంత్రం వెనక మూత నాలుగు మరలూ విప్పి, సన్నటి పట్టకారుతో ఒక తీగ లాగి తెంపారు. తెంపి, మేడమ్ గారి వైపు తిరిగారు.

"ఒక నోరు తెరిపించడానికి మీ దగ్గరికి వచ్చానమ్మా. ఇన్నాళ్ళకు మీకోసం ఒక నోరు మూయించే పని దొరికింది."

మొదటి పిల్ల లేచి వచ్చింది. వెనక్కి తిరిగి నిలబడింది. ఆరో గది మళ్ళీ నిశ్శబ్దమైంది. ఆ వారమే ఆసుపత్రిలోని అన్ని తూకాలకూ అదే నియమం వర్తింపజేస్తూ ఆదేశం వెలువడింది. దాని మీద మొదటి సంతకం కొనుగోళ్ళ అధికారి గారిది.

మేడమ్ గారు ఈ ఆగస్టు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్నారు. వారి స్థానంలోకి వస్తున్న చిన్న మేడమ్ గారు ఇప్పటికే పిల్లలకు వెనక్కి తిరగమని చెప్పడం నేర్చుకున్నారు. ఆ కుర్చీకి కొత్తగా చేతులు పెట్టించే ఆలోచన తమకు లేదని కూడా హామీ ఇచ్చారు. ఇంట్లో మేడమ్ గారి కోసం అచ్చుతప్పులన్నీ దిద్దేసి ఎదురుచూస్తున్న భర్తగారికి, తల్లి తన భోజనం డబ్బా ముప్పై ఏళ్ళు ఎవరితో పంచుకుందో ఇవాళే పూర్తిగా తెలుసుకుంటున్న కుమార్తెకు, మేము ఇన్నాళ్ళూ అరువు తెచ్చుకున్న మనిషిని కృతజ్ఞతతో తిరిగి అప్పగిస్తున్నాము.

తూకం తీగ తెంపిన ఆ రోజు పని ముగించి వెళుతూ తాళాల ఆయన గుమ్మంలో ఆగి, అమ్మాయి ఒక మాట చెప్పి రమ్మందని, అయితే పెద్దవారితో అనదగిన మాటేనా అని సందేహంగా ఉందని అన్నారు. చెప్పమన్నారు మేడమ్ గారు. "మేడమ్ గారిని ఒళ్ళు దగ్గర పెట్టుకోమని చెప్పు నాన్నా" అందట.

మా అందరి ఆకాంక్షా ఆ మాటలోనే ఉంది. ముప్పై మూడేళ్ళు మెట్లెక్కి, నడవాలు నడిచి, ఎవరెవరి పిల్లల మంచాల పక్కనో కూర్చున్న ఆ ఒళ్ళు ఇకనైనా వేళకు తిని, కంటినిండా నిద్రపోయి, ఏ నొప్పీ ఎరగకుండా, మనవలను మోసి, వారి పిల్లలను కూడా చూసేంత నిండైన ఆయుష్షుతో మేడమ్ గారిని అంటిపెట్టుకుని ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. మీరు ఈ గుమ్మంలో నిలబడి వందలమందికి మళ్ళీ రావద్దని చెప్పి పంపారు. ఆ మాట మీకు చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రావడం లేదు. నడవా మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాము. మీరు మాత్రం మళ్ళీ రండి.